గులాం చాచా మూడు నెలలు వెతికిన లోపం

పటాన్‌చెరు బస్టాండు దాటి సంగారెడ్డి వైపు కాస్త నడిస్తే, టైర్ల కొట్టుకూ చాయ్ హోటలుకూ మధ్య ఇరుక్కుని ఒక చిన్న ముల్గి, అంటే ఒంటిగది దుకాణం, ఉంటుంది. దానికి బోర్డు లేదు. అందులో గులాం మొహమ్మద్ అనే అరవై ఏళ్ల మనిషి పాత వర్క్‌స్టేషన్ కంప్యూటర్లు బాగుచేసి అమ్ముతాడు. ఆయన గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. ఆయన పని మీద నేను ఒక అబద్ధం వేశాను, దాన్ని మూడు నెలలు మోశాను. అందుకని రాస్తున్నాను. రాసి నా పేరు కడుక్కుందామన్న ఆశ లేదు, అంత తేలిగ్గా పోయే మరక కాదది.

నా పేరు జయశీల. కర్దనూర్‌లో మా చర్చి సంఘం వాళ్ల ట్రస్టు నడిపే శిక్షణ కేంద్రంలో కంప్యూటర్ మీద యంత్ర భాగాల డ్రాయింగు నేర్పుతాను. పాలిటెక్నిక్ డిప్లొమా చేశాను. ఈ ముక్క ఎందుకు చెబుతున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

గులాం చాచా సంగారెడ్డిలో పాత జైలు వెనక గల్లీలో పుట్టాడు. ఏడో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, రేడియోలు బాగుచేసే మేనమామ దగ్గర పనికి కూర్చున్నాడు. రేడియోలు పోయి టీవీలొస్తే టీవీలు నేర్చుకున్నాడు. చెడిపోయిన టీవీని బాగుచేయించే బదులు పారేసే రోజులొచ్చాక పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేరాడు. పదకొండేళ్లకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. గేటు బయట అందరూ యూనియన్ వాళ్ల మాటలు వింటుంటే, ఈయన మాత్రం తుక్కులో పోతున్న ఒక వర్క్‌స్టేషన్‌ను అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ సీడీ ఇచ్చారు. ఎక్కిస్తే బొమ్మ వచ్చింది, సౌండు రాలేదు. ఆ సౌండు కోసం నెల రోజులు దాని ముందే కూర్చున్నాడట. అది రంజాన్ నెల. ఇఫ్తార్‌కు పిలిస్తే వస్తున్నా వస్తున్నా అంటూ ఖర్జూరం చేతిలో పట్టుకుని స్క్రూలు విప్పేవాడని ఆయన భార్య రషీదున్నీసా ఇప్పటికీ విసుక్కుంటుంది. పండగ ముందు రోజు సౌండు వచ్చింది. ఆయన కొత్త బతుకు అక్కడ మొదలైంది.

వర్క్‌స్టేషన్ అంటే ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ కాదు. బరువైన డబ్బా, లోపల బొమ్మల పనికోసమే పెట్టిన పెద్ద గ్రాఫిక్స్ కార్డు. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలు వీటిని నాలుగేళ్లు వాడి తీసేస్తాయి. గులాం చాచా అవి తెచ్చి, లినక్స్ ఎక్కించి ఇస్తాడు. లినక్స్ ఉచితం, ఎవరైనా వాడుకోవచ్చు. చిక్కల్లా ఒక్కటే. ప్రతి కార్డుకూ ప్రతి వెర్షన్‌తో పడదు. అన్నీ బాగానే ఉండి, ఆ కార్డును నడిపించే డ్రైవర్ ఒక్కటి కొత్త వెర్షన్‌లో లేకపోతే చాలు, అంత పెద్ద యంత్రమూ అలిగి కూర్చుంటుంది.

అందుకే ఆయన పరీక్ష మామూలుగా ఉండదు. ఒక్కో మెషిన్‌ను పదిసార్లు ఆపి పదిసార్లు లేపుతాడు. డ్రాయింగు సాఫ్ట్‌వేర్ తెరిచి, ఒక గేరు బొమ్మను పొద్దున్నుంచి సాయంత్రం అసర్ నమాజు దాకా గిరగిరా తిప్పుతూనే ఉంటాడు. ఎక్కడా ఆగకపోతే, ఏ కార్డు మీద ఏ వెర్షన్ నడిచిందో తన లాంగ్ నోటుబుక్కులో ఉర్దూలో రాసుకుంటాడు. అదే సంగతి తెలుగులో ఒక చీటీ మీద రాసి డబ్బా లోపలి రేకుకు అంటిస్తాడు. చీటీ చివర ఎప్పుడూ ఒకటే మాట ఉంటుంది: "మార్చేముందు అడుగుండ్రి."

"కంపెనీ వాళ్ల లిస్టులు ఇంటర్నెట్ల ఉంటయ్ కద చాచా, అవి చూస్తే అయిపోదా?" అని ఒకసారి అడిగాను.

"వాళ్లు వంద రాస్తరు టీచరమ్మ. నేను సూసిందే రాస్త," అన్నాడు.

మా కేంద్రానికి ఆయన మెషిన్లు రావడానికి కారణం ట్రస్టు సెక్రటరీ ఏబెల్ గారు. డ్రాయింగు సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలు ఊరంతా దొరుకుతాయి. ఏబెల్ గారు కమిటీలో లేచి, దొంగ కాపీ మీద ప్రార్థన చేసి క్లాసు మొదలుపెట్టలేమని తేల్చి చెప్పారు. నేను గట్టిగా తలూపాను. అలా ఉచితంగా దొరికే డ్రాయింగు సాఫ్ట్‌వేర్, లినక్స్, వాటితో పాటు గులాం చాచా ఇచ్చిన పద్నాలుగు వర్క్‌స్టేషన్లు వచ్చాయి. ఏడాదిన్నర ఒక్క రోజు కూడా నన్ను పరేషాన్ చేయలేదు. సాఫ్ట్‌వేర్ దొంగిలించని మనిషినని గర్వపడుతూ తిరిగాను. మనిషి పేరును కూడా దొంగిలించొచ్చని అప్పటికి నాకు తెలియదు.

మొన్న మార్చిలో సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు చేసే ఒక కంపెనీ వాళ్లు మా పిల్లలకు డ్రాయింగు పరీక్ష పెట్టి ఉద్యోగాల్లోకి తీసుకుంటామన్నారు. సోమవారం వస్తామన్నారు. శనివారం మధ్యాహ్నం నేను ల్యాబు సర్దుతుంటే తెర మీద కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని కనిపించింది. వచ్చేవాళ్లకు అన్నీ తాజాగా చూపించాలని మనసైంది. చీటీ సంగతి నాకు గుర్తులేక కాదు. ఫోన్ కూడా చేతిలోనే ఉంది. ఏడో తరగతి చదివిన మనిషిని అడిగి నేను అప్‌డేట్ చేయాలా అనిపించింది. ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి, కానీ అనిపించింది అదే.

పద్నాలుగింటికీ ఎక్కించాను. పేర్లు, ఫోల్డర్లు, మెయిన్ తెర అన్నీ చక్కగా వచ్చాయి. తెర వచ్చింది కదా, ఇక ఏముందని తాళం వేసి ఇంటికి పోయాను. బొమ్మ తెరిచి ఒక్కసారి తిప్పి చూడలేదు. పొద్దంతా గేరు తిప్పే మనిషి మెషిన్ల మీద, నేను అరనిమిషం కూడా తిప్పలేదు.

సోమవారం పొద్దున కంపెనీ వాళ్లు ముగ్గురు వచ్చారు. ఏబెల్ గారు టై కట్టుకొచ్చారు. పరీక్ష మొదలైంది. ముందు వరుసలో కూర్చున్న శ్రీదివ్య అనే అమ్మాయి బొమ్మ తెరిచి పక్కకు తిప్పబోయింది. తెర నల్లగా అయిపోయి అక్కడే ఆగిపోయింది. తర్వాత దాని పక్కది. ఐదు నిమిషాల్లో పద్నాలుగూ నల్లబడ్డాయి. పిల్లలు నా మొహం చూస్తున్నారు. నాకు ఆ క్షణమే అర్థమైంది. కొత్త వెర్షన్‌లో ఆ పాత కార్డు డ్రైవర్ తీసేశారు.

"ఏమైంది మేడం?" అని ఏబెల్ గారు నెమ్మదిగానే అడిగారు.

"సెకండ్ హ్యాండ్ మెషిన్లు కద సార్," అన్నాను.

అంతే. ఒక్క మాట. ఆలోచించి అని ఉంటే కొంత నయం, నోటికి అంత సులువుగా వచ్చేసింది. వచ్చినవాళ్లలో ఒకాయన, పాతవి తీసుకుంటే ఇంతేనండీ అని జాలిగా తలాడించాడు. ఇంకో పది రోజులకు వచ్చి పరీక్ష పెడతామని చెప్పి వెళ్లారు. అన్నట్టే వచ్చారు, ఆరుగురిని తీసుకున్నారు, శ్రీదివ్య ఈసారికి మిగిలిపోయి ఇంకో బ్యాచి చూస్తానంది. పిల్లలకు నష్టం జరగలేదు కదా అని చాలా రోజులు నన్ను నేను బుజ్జగించుకున్నాను. నష్టం ఎవరికి జరిగిందో చెబుతున్నాను.

ఆ సోమవారం మధ్యాహ్నం పిల్లలను పంపించేసి, చాచా మెషిన్లతో పాటు ఇచ్చిన పెన్‌డ్రైవ్ తీసి, అన్నింటికీ పాత వెర్షన్ తిరిగి ఎక్కించాను. బాగుచేశానని అనకండి. గుర్తులు చెరిపేశాను. మంగళవారం ఏబెల్ గారు కబురు పెడితే గులాం చాచా తన టూల్స్ సంచితో వచ్చాడు. ఒక్కో మెషిన్ లేపి, బొమ్మ తెరిచి తిప్పాడు. అన్నీ నడుస్తున్నాయి.

"ఇవి బాగనే ఉన్నయి కద టీచరమ్మ. నిన్న ఏం జరిగిందో మొదటిసంది చెప్పు," అన్నాడు.

"బొమ్మ తిప్పంగనే తెర నల్లగైంది చాచా. అన్నిటికి అట్లనే."

"అన్నిటికా?" అని చివరి మెషిన్ బొమ్మను ఇంకోసారి తిప్పాడు. "ఏమన్న మార్చిన్రా? వెర్షన్ గిట్ల?"

పక్కన ఏబెల్ గారున్నారు. లేకపోయినా ఏం చెప్పేదాన్నో నాకు తెలియదు.

"లేదు చాచా," అన్నాను.

ఆయన నా మాట మీద మరో ప్రశ్న వేయలేదు. టీచరమ్మ లేదంటే లేదు. అంటే లోపం మెషిన్‌లో ఉండాలి, మెషిన్‌లో ఉంటే తన పరీక్షలో దాటిపోయి ఉండాలి. అప్పుడప్పుడు కనిపించి మాయమయ్యే లోపమంటే రిపేరు చేసేవాళ్లకు ప్రాణసంకటం. అలాంటిదాన్ని నేను ఆయన నెత్తిన పెట్టాను, అదీ లేనిదాన్ని.

నాలుగు మెషిన్లు ఆటోలో వేసుకుని పోయాడు. వారం తర్వాత తెచ్చి ఇంకో నాలుగు తీసుకుపోయాడు. కరెంటు హెచ్చుతగ్గులేమోనని మా కేంద్రం వైరింగు మొత్తం చూశాడు. వేడికేమోనని ఎండ పెట్టే రోజుల్లో రేకుల కింద పెట్టి నడిపాడు. కార్డులు విప్పి తుడిచి మళ్లీ బిగించాడు. ఎన్నిసార్లు తిప్పినా గేరు తిరుగుతూనే ఉంది. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడిగేవాడు. ఆ రోజు ఫ్యాన్లన్నీ వేశారా, ఎవరైనా ఫోన్ చార్జింగు పెట్టారా, తెర నల్లబడేముందు మెరిసిందా. నేను అన్నింటికీ జవాబులు చెప్పాను. మెరిసిందేమో చాచా అని కూడా అన్నాను. ఆయన అది రాసుకున్నాడు. తను చూడనిది ఆ పుస్తకంలో రాసుకోవడం అదే మొదటిసారట, తర్వాత తెలిసింది.

ఆదివారం గుడిలో అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాం. నేను గట్టిగానే చదివాను. నూరు గొంతుల మధ్య నా గొంతు కలిపేయడం ఎంత హాయిగా ఉంటుందో అప్పుడు తెలిసింది. గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటల ఆరాధనలో కూర్చుని, చాచా ఆ సమయంలో ముల్గిలో ఏ మెషిన్ విప్పుకుని కూర్చున్నాడో అనుకున్నాను. లేచి పోయి చెప్పొచ్చు, పటాన్‌చెరు ఎంత దూరమని. లేవలేదు. పైగా ఏబెల్ గారు వచ్చే ఏడు కొత్త మెషిన్లే కొందాం, ఆ గులాం గారిని ఇక పిలవొద్దు అంటే, సరే సార్ అన్నాను.

జూన్ మొదట్లో సంగారెడ్డి బస్సులో రషీదున్నీసా కనిపించింది. నా పక్క సీటులో కూర్చుని, నేను అడగకముందే చెప్పుకొచ్చింది.

"మీ మెషిన్లే ఆయన పానం తీస్తున్నయమ్మ. అన్నం ముందట పెడ్తే సల్లారిపోతది. కండ్లు మసకలైనయేమో, అందుకే దాటిపోయిందేమో అని డాక్టర్ దగ్గరికి పోయిండు. డాక్టర్ కండ్లు మంచిగున్నయన్నడు. ఆయన నమ్ముతలేడు."

"వేరే మెషిన్లు అమ్ముతున్నడు కదా?" అన్నాను.

"యాడమ్మ? ఎవరన్న వస్తే ఈయనే వద్దంటున్నడు. నా మెషిన్ల ఒక ఐబు ఉన్నది, ఎందుకైతుందో నాకే తెల్వదు, తెలిసేదాక కొనకుండ్రి అంటడు. ఇదివరకు తీస్కపోయినోళ్ల దగ్గరికి గుడ పోయి చెప్పొచ్చిండు. గట్ల చెప్పుకుంటే ఇగ ఎవరొస్తరు? ఈ నెలాఖరుకు ముల్గి ఖాళీ చేస్తడట. రేడియోల సంది ఇంత పని చేసిండు, ఇప్పుడు నాకు పని రాదు అంటున్నడు."

ఆమె పటాన్‌చెరులో దిగిపోయింది. నేను దిగాల్సిన చోట దిగకుండా ముత్తంగి దాకా పోయి, మళ్లీ ఎదురు బస్సెక్కాను. నేనేదో ఒక్క మాట అని తప్పించుకున్నాననుకున్నాను. ఆ మాటను నిజమని నమ్మి ఒక మనిషి దానికి తన బతుకు మొత్తం అప్పజెప్పాడు. సిగ్గు అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అదేంటో నలభై నాలుగేళ్లకు తెలిసింది.

మర్నాడు పొద్దున పదింటికి ముల్గికి వెళ్లాను. మా మెషిన్ ఒకటి విప్పి ఉంది. తెర మీద గేరు తిరుగుతోంది. చాచా స్టూలు జరిపి కూర్చోమన్నాడు. గడ్డం పెరిగి, మనిషి సగమయ్యాడు. నేను కూర్చోలేదు.

"చాచా, మెషిన్ల ఏం లేదు. పరీక్ష ముందటి శనివారం నేను కొత్త వెర్షన్ ఎక్కించిన. నువ్వు రాకముందు మల్ల పాతది ఎక్కించిన. నువ్వు అడిగితే లేదన్న," అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు, తెర వైపు చూశాడు. తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నాడనుకున్నాను.

"ఏ వెర్షన్?" అన్నాడు.

చెప్పాను.

"నా ముందట చెయ్యి. అప్పుడెట్ల చేసినవో గట్లనే," అని లేచి తన కుర్చీ నాకిచ్చాడు.

చేశాను. గంట పట్టింది. ఆ గంటా ఆయన నా వెనక నిలబడే ఉన్నాడు, చాయ్ తెప్పించి నా పక్కన పెట్టాడు కూడా. మెషిన్ లేచింది, మెయిన్ తెర వచ్చింది. బొమ్మ తెరిచి తిప్పాను. తెర నల్లబడి ఆగిపోయింది.

గులాం చాచా నవ్వాడు. పెద్దగా, గొంతెత్తి, చాయ్ హోటలు వాళ్లు తొంగి చూసేలా నవ్వాడు. ఫోన్ తీసి, దొరికింది, దొరికిందని రషీదున్నీసాకు ఉర్దూలో చెప్పాడు. నోటుబుక్కు తీసి తేదీ వేసి గబగబా రాసుకున్నాడు. నామీద ఆయనకు కోపం వస్తే భరించడానికి సిద్ధపడి వచ్చాను. ఆ సంతోషాన్ని భరించడానికి నేను సిద్ధపడలేదు. మూడు నెలల కింద ఒక్క మాటతో ఇవ్వగలిగింది అది.

రాయడం అయ్యాక కలం మూసి జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నెమ్మదిగా స్టూలు మీద కూర్చున్నాడు.

"ఆ మంగళవారం నేను నిన్ను అడిగిన కదమ్మ," అన్నాడు.

"అడిగినవ్ చాచా."

"లేదంటివి."

"అన్న."

ఇంకేమైనా అంటాడని ఎదురుచూశాను. ఆయన నా చాయ్ కప్పు తీసి, చల్లారిందని బయట పారబోసి, ఇంకొకటి తెమ్మని కేకేశాడు. నేను ఆ చాయ్ తాగి వచ్చాను. మీరు నమ్ముతారో లేదో గానీ, ఆ రోజు ఆయన చెంప మీద కొట్టి ఉంటే నేను ఇంటికి హాయిగా నడిచి వెళ్లేదాన్ని.

ఏబెల్ గారికి ఆ మధ్యాహ్నమే చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి, అయిపోయింది కదా మేడం, ఇప్పుడెందుకు కదిలించడం, ట్రస్టు పేరు కూడా చూడాలి కదా అన్నారు. దొంగ కాపీ మీద ప్రార్థన చేయలేనన్న మనిషి. ఆయనను తప్పుపట్టే అర్హత నాకు లేదు గనక నోరు మూసుకుని, పిల్లలందరినీ ల్యాబులో కూర్చోబెట్టి నేనే చెప్పాను. కంపెనీ వాళ్లకు ఉత్తరం రాశాను. చాచా ముందే వెళ్లి తన మెషిన్లలో లోపముందని చెప్పొచ్చిన రెండు చోట్లకు, అమీన్‌పూర్‌లో డ్రాయింగు షాపుకూ, మా ఊళ్లో అచ్చులు తయారుచేసే టూల్ రూముకూ ఒక్కదాన్నే వెళ్లి, లోపం మెషిన్‌ది కాదు, నాదని చెప్పొచ్చాను. టూల్ రూము ఆయన, టీచరై ఉండి ఇదేం పని అన్నాడు. అవునండీ అన్నాను. చాచా ముల్గి ఖాళీ చేయలేదు. గిరాకీ మెల్లగా మళ్లీ వస్తోంది. మా కేంద్రానికి పిలిస్తే ఇదివరకు లాగే వస్తున్నాడు, పిల్లలతో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, నన్ను టీచరమ్మా అనే పిలుస్తున్నాడు. నాకు క్షమాపణ దొరికిందనే అనుకున్నాను.

పోయిన వారం ఒక మెషిన్‌కు రెండో తెర రావడం మానేసింది. చాచాకు ఫోన్ చేశాను. పలకరింపులయ్యాయి. ఇంట్లో అందరూ ఎట్లున్నరని అడిగాడు. ఏమైందో చెప్పాను.

"ఏం మార్చలేదు చాచా. నిజంగ ఏం మార్చలేదు," అన్నాను, ఆయన అడగకముందే.

అవతల చాయ్ హోటలు గిన్నెల మోత వినిపించింది.

"పక్కన పిల్లలెవరన్న ఉన్నరా అమ్మా?" అన్నాడు. గొంతులో ఏ కోపమూ లేదు.

"శ్రీదివ్య ఉన్నది."

"జెర ఆమెకు ఫోనియ్యి."

ఇచ్చాను. శ్రీదివ్య చెవి దగ్గర పెట్టుకుని, తెర వైపు చూస్తూ జవాబులు చెప్పింది. "లేదు తాత. పొద్దుగాల సంది నేను ఈడనే ఉన్న. లేదు, ఎవ్వరు ఏం మార్చలే." నేను చెప్పిందే చెప్పింది. ఆయన సరేనని, మధ్యాహ్నం వస్తానని ఫోన్ పెట్టేశాడు.